చాయ్ సీరియల్‌లో మగ గొంతు

మొన్న ఆర్మూరు వెళ్లినప్పుడు మా వదిన సజ్జ మీది సామాను దింపాలంది. దింపడమంటే ఆమె కింద నిలబడి చెయ్యి చూపించడం, నేను అరవైకి దగ్గరపడిన మోకాళ్లతో స్టూలెక్కడం. రెండు ఇత్తడి గుండిగలు, ఒక విరిగిన ఫ్యాను, వాటి వెనక పాత బీడీల చాట. చాట మీద దుమ్ము ఊదితే తునికాకు వాసన, తంబాకు వాసన కలిసి ముక్కులోకి కొట్టాయి. ఇన్నేళ్లకూ చావలేదు ఆ వాసన. చాటలో కత్తెర, ఆ పక్కన బీడీల దారంతో చుట్టిన ఒక క్యాసెట్టు. దాని మీద "లక్ష్మి, చాయ్" అని నా చేతిరాత. లక్ష్మి మా వదిన పేరు. పారేసే కుప్పలో వేయబోతుంటే కింద నుంచి అరిచింది, "గది పారెయ్యకు శారదా." ఇందులో ఏముంది అని అడిగాను, తెలిసే. "ఏం లేదు. గందుకే పారెయ్యద్దంటున్న" అంది.

అది అర్థం కావాలంటే మా పాత ఇంటి ముందుగదిలోకి రావాలి. మా ఇంట్లో అప్పుడు నలుగురం. బాపు పసుపు మార్కెట్లో తూకం కాంట దగ్గర పనిచేసేవాడు. ఆయన ఇంటికి వస్తున్నాడని ముందు వాసన చెప్పేది, తర్వాత దగ్గు చెప్పేది, ఆ తర్వాత ఆయన కనిపించేవాడు. అమ్మ ఆయన ధోవతులు ఎంత ఉతికినా పసుపు పోయేది కాదు. మా ఇంట్లో అందరి బట్టలూ పెళ్లి బట్టల్లాగే ఉంటాయని గల్లీలో నవ్వేవాళ్లు. అమ్మ, వదిన, నేను బీడీలు చుట్టేవాళ్లం. నేను ఇంటర్ పాసై, డిగ్రీకి ప్రైవేటుగా కట్టి, గల్లీలో చదువుకున్నదాన్నని పేరు తెచ్చుకున్నాను. చదువుకున్నదంటే ఉత్తరాలు రాయాలి, బస్సు బోర్డులు చదవాలి, టేప్‌రికార్డర్ బటన్లు నొక్కాలి. ఐదోవాడు మా అన్న మల్లేశం దుబాయిలో ఉండేవాడు. పెళ్లయి నాలుగేళ్లయినా, వదినతో కలిసి ఉన్నది లెక్కపెడితే ఐదు నెలలు. అందులో ఒక నెల ఆయనకు మలేరియా.

మొదటి సెలవులో అన్న రంగుల టీవీ, టేప్‌రికార్డర్ రెండూ తెచ్చాడు. టీవీ వచ్చిన వారానికే మా ముందుగది గల్లీ ఆస్తి అయిపోయింది. సాయంత్రమయితే చాటలు ఒళ్లో పెట్టుకుని ఇరవై మంది ఆడవాళ్లు వచ్చి కూర్చునేవాళ్లు. ఆకు కత్తిరించే పని పొద్దున్నే ముగించుకుని, సాయంత్రానికి చుట్టే పని మాత్రం ఉంచుకునేవాళ్లు, చుట్టడానికి కళ్లు అక్కర్లేదు కాబట్టి. టీవీలో వచ్చేదాన్ని మా వాళ్లు బీడీల్లోనే కొలిచేవాళ్లు. ఆదివారం సినిమాలో ఫైటింగులు వస్తే చేతులు ఆగిపోయేవి, మర్నాడు బీడీల కార్ఖానాలో సరుకు చూసేవాడు వదులుగా చుట్టినవి ఏరి పారేసేవాడు. దేవుళ్ల కథ వస్తే దండం పెట్టడానికి మళ్లీ చేతులు ఆగేవి. ఏ ఆటంకమూ లేకుండా అరగంటలో రెండు కట్టలు నిండుగా చుట్టగలిగింది ఒక్కదానికే, అది చాయ్ సీరియల్.

దాని అసలు పేరు మాకెవరికీ గుర్తు లేదు. వారానికి ఒకసారి, అరగంట. ఒక భర్త, ఒక భార్య, ఒక గది. భర్త ఏదో ఆఫీసులో గుమాస్తా. ఆయన ఇంటికొచ్చి చెప్పులు విప్పుతాడు. విప్పడం మొత్తం చూపిస్తారు. భార్య చాయ్ పెడుతుంది. నీళ్లు మరిగేదాకా చూపిస్తారు. ఆయన తాగుతాడు. ఆమె కిటికీలోంచి చూస్తుంది. సంగీతం లేదు, అత్త లేదు, రెండో ఆడది లేదు. ఆయన ఒకటో రెండో మాటలు అడుగుతాడు, ఆమె తల ఊపుతుంది. అంతటితో ఆ వారం అయిపోతుంది. మొదట్లో మా గల్లీ దీన్ని ఒక అవమానంగా తీసుకుంది. మా పక్కింటి గంగామణి, నోరు ఊరుకోని మనిషి, టీవీకి ఎదురుగా కూర్చుని పోట్లాడేది. "ఏందే తల్లీ, గింత సేపు చాయ్ పెడుతవా? మా ఇంట్ల అయితే ఈపాటికి గిన్నె నెత్తికి తగులుతుండె." ఇంకొకామె "గీళ్లకు పిల్లలు ఎట్లయితరు?" అనేది. మా అమ్మకు ఒకటే దిగులు: "గా పిల్లకు మూగా? అడిగినదానికి నోటితోని జవాబియ్యదు." బాపు ఒక్కడే మెచ్చుకున్నాడు. గోడకు ఆనుకుని కునుకు తీసి, లేచి చూస్తే వాళ్లింకా అదే చాయ్ దగ్గర ఉండేవాళ్లు. "మంచిగున్నది. నిద్ర పోయినా ఏం పోలేదు" అనేవాడు.

ఎగతాళి చేయాలన్నా అవతలివాడు ఏదో ఒకటి చేయాలి కదా. నాలుగైదు వారాలకు మా వాళ్లకు మాటలు అయిపోయాయి. ఐదో వారం నుంచి ఆ అరగంట మా ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. వారం మొత్తంలో మా ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నది ఆ ఒక్కసారే. నా చదువుకున్న బుర్రకు ఒక ఆలోచన వచ్చింది ఆ నిశ్శబ్దం చూసే.

అప్పట్లో దుబాయికి ఉత్తరాలకన్నా క్యాసెట్లు ఎక్కువ. సెలవు మీద వచ్చి తిరిగి వెళ్లేవాళ్ల చేతికి ఇస్తే, గొంతులు విమానమెక్కి పోయేవి. కాని రికార్డు చేయడం పెద్ద యుద్ధం. ఇంటి నిండా జనం, ప్రతి ఒక్కరూ మైకు దగ్గరికి వచ్చి "మల్లేశం, నేను గంగామణిని, మంచిగున్నవా" అనేవాళ్లు. వదిన వంతు వచ్చేసరికి టేపు అయిపోయేది, లేదంటే అందరూ ఆమె నోటికేసి చూస్తూ కూర్చునేవాళ్లు. మొగుడితో ఏం మాట్లాడుతుందో వినాలని. ఆమె "మంచిగున్నం. మంచిగుండుండ్రి" అని లేచిపోయేది. ఆ వారం మాక్లూర్ నుంచి ఒకాయన మర్నాడే వెళ్తున్నాడని తెలిసింది. చాయ్ సీరియల్ మొదలైన సమయం చూసి, వదినను లోపలి గదిలో కూర్చోబెట్టి, రికార్డు బటన్ నొక్కి, "నీ ఇష్టమొచ్చింది మాట్లాడు వదినా, ఎవ్వరు వింటలేరు" అని చెప్పి నేను ముందుగదికి వచ్చాను. నిజంగానే ఎవరూ వినలేదు. వచ్చేటప్పుడు తలుపు మాత్రం వేయలేదు. ఎందుకు వేయలేదో ఇప్పటికీ చెప్పలేను. ఈ సంగతి ఇన్నేళ్లలో ఎవరితోనూ అనలేదు, ఇదే మొదటిసారి.

రెండు నెలలకు జవాబు వచ్చింది. ఏర్గట్లకు సెలవు మీద వచ్చినాయన క్యాసెట్టుతోపాటు ఒక సబ్బుల పొట్లం, సెంటు సీసా ఇచ్చి పోయాడు. దుబాయి నుంచి క్యాసెట్టు వస్తే గల్లీ అంతా కూర్చుని వినడం ఆనవాయితీ. తమ పేరు చెప్తాడో లేదోనని ప్రతి ఒక్కరికీ ఆశ. నేను బటన్ నొక్కాను. అన్న ఎప్పటిలాగే బాపుకు, అమ్మకు, వరుసపెట్టి గల్లీ వాళ్లందరికీ నమస్తేలు చెప్పాడు. తర్వాత ఆగాడు. టేపు తిరుగుతున్న చప్పుడు ఒక్కటే. మళ్లీ మాట్లాడేసరికి ఆ గొంతు మా అన్నదిలా లేదు.

"బాపూ, మన ఇంట్ల ఎవడుంటుండు? లచ్చిమి మాట్లాడుతుంటే నడుమ మొగోడు మాట్లాడుతుండు. తలుపు వేశావా అని అడుగుతుండు. మళ్ల జరసేపటికి, లైటు తీసేయమంటావా అంటుండు. ఆఫీసర్ లెక్క మాట్లాడుతుండు. నేను నూరుసార్లు విన్న. లచ్చిమిని తల్లిగారింటికి పంపుండ్రి. నేను వచ్చినంక చూస్త."

ఇరవై మంది ఆడవాళ్ల చేతులు చాటల్లో ఆగిపోయాయి. అబద్ధం చెప్పను, మా అమ్మ తల తిప్పి వదినకేసి చూసింది. ఒక్క క్షణమే, కాని ఆ చూపు నేను చూశాను, వదిన కూడా చూసింది. అప్పుడు గంగామణి నోరు తెరిచింది. ఆమె నోటి వల్ల గల్లీకి మేలు జరిగిన ఏకైక సందర్భం అదేనేమో. "ఓ యమ్మా! గాయన చాయ్ ఆయనే! తలుపు వేశావా అన్నది గాయనే గదా! నేను ఇదే చాట పట్టుకొని విన్న!"

ఇల్లు పగిలిపోయేలా నవ్వారు. ఒకామె నవ్వీ నవ్వీ తంబాకు ఒలకబోసుకుంది. ఏ సినిమా మొగోడు మాట్లాడినా మా అన్న గుర్తుపట్టేవాడు, ఎందుకంటే సినిమాలో మొగోడు మాట్లాడే ముందు వాయిద్యాలు మోగుతాయి. ఈ మహానుభావుడు మాత్రం నిజంగా ఇంట్లో ఉన్న మనిషిలా దగ్గి, గ్లాసు కింద పెట్టి, తలుపు గురించి అడిగాడు. ఆయన పెళ్లాం నోరు విప్పి "వేశాను" అన్నా మా వదిన బతికిపోయేది. ఆమె తల ఊపింది. తల ఊపితే టేపులో రాదు. వదిన అసలే సిగ్గరి, ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఏం చెప్పాలా అని ఆగుతుంది. ఆ ఖాళీల్లో చాయ్ ఆయన వచ్చి సరిగ్గా కూర్చున్నాడు.

వదిన మాత్రం నవ్వలేదు. చుట్టిన బీడీలు కట్ట కట్టి, చాట పక్కన పెట్టి, "నవ్వుండ్రి, మీకేంది" అంది. మర్నాడు పొద్దున్నే తల్లిగారి ఊరు కమ్మర్‌పల్లి బస్సుకు సంచి సర్దుకుంది. అమ్మ సంచి పట్టుకుంది. "వాడు తెలువక అన్నడు బిడ్డా."

"తెలువకుంటే అడగాలె అత్తమ్మా. అడగకుండ పంపుమన్నడు."

"మేం చెప్తం గదా, నువ్వుండు."

"గల్లీ అందరి ముందట అన్నడు. గల్లీ అందరి ముందట్నే తప్పయిందనాలె. గప్పుడస్త" అని బస్సెక్కింది. నాలుగేళ్లలో ఆమె నోటి నుంచి అన్ని మాటలు ఒకేసారి వినడం అదే మొదలు. అమ్మ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆ ఒక్క క్షణం చూపు ఆమెను లోపల కొరుకుతోందని నాకు తెలుసు. నన్ను తలుపు కొరుకుతోంది.

ఉత్తరం రాస్తానన్నాను. బాపు వద్దన్నాడు. "కాయితం మీద ఎవలు ఏమన్న రాయిస్తరు. గొంతుకు గొంతే జవాబు. గా చాయ్ ఆయన గొంతే పట్టి పంపుండ్రి." సబబుగానే ఉంది. తర్వాతి వారం టేప్‌రికార్డర్‌ను టీవీ ముందు పీట మీద పెట్టాం. ఇరవై మంది ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. అంతకుముందు ఆ సీరియల్‌ను తిట్టని నోరు లేదు. ఆ రోజు ఒక్కొక్కరు దాన్ని చూసిన చూపు పరీక్ష ఫలితాల పేపరుకు కూడా దక్కదు. చాయ్ ఆయన వచ్చాడు. చెప్పులు విప్పాడు. కూర్చున్నాడు. కాలి గోళ్లు తీసుకోవడం మొదలుపెట్టాడు. పది గోళ్లూ తీసుకున్నాడు. "మాట్లాడు నాయినా" అంది అమ్మ మెల్లగా, దేవుడితో అన్నట్లు. "మాట్లాడుర నీ నోరు పడ!" అంది గంగామణి అంత మెల్లగా కాకుండా. ఆయన గోళ్లు ఊడ్చి కాగితంలో చుట్టి, గొంతు సవరించుకున్నాడు. ఇరవై తలలూ ముందుకు వంగాయి. పేర్లు పడ్డాయి. సీరియల్ అయిపోయింది.

ఇంకో వారం. వదిన కమ్మర్‌పల్లిలోనే ఉంది, వాళ్ల ఇంట్లో టీవీ లేదు. ఈసారి ఆయన భోజనానికి కూర్చున్నాడు. ఒక ముద్ద, రెండో ముద్ద, మంచినీళ్లు. మేం లెక్కపెడుతున్నాం. చివరికి భార్యకేసి చూసి, "కూర బాగుంది" అన్నాడు. అనడం ఆలస్యం, ఇరవై మంది ఒక్కసారిగా "మాట్లాడిండూ!" అని కేక పెట్టారు. చాటలు ఎగిరాయి, బీడీలు చెల్లాచెదురయ్యాయి, అమ్మ చప్పట్లు కొట్టింది. బాపు నిద్రలోంచి లేచి "ఏమైంది, దొంగలా?" అన్నాడు. టేపు వెనక్కి తిప్పి వింటే కేక ఉంది, చప్పట్లు ఉన్నాయి, బాపు దొంగలు ఉన్నారు. కూర బాగుందన్న మాట ఎక్కడా లేదు. నాకు ఏడుపొచ్చింది. ఇంకో వారం ఆగుదామంటే, దుబాయి వెళ్లే మనిషి ఆ మర్నాడే బయలుదేరుతున్నాడు. సరే, ఉన్నదే పంపుదామని, చివర్లో అమ్మ చేత "అరేయ్, నీ పెండ్లాన్ని గట్లంటవా, గది టీవీలోడు" అని చెప్పించి పంపేశాం.

ఆ జవాబు వచ్చిన రోజు అమ్మ స్వయంగా కమ్మర్‌పల్లి వెళ్లి వదినను తీసుకొచ్చింది. వదిన ఇంట్లోకి రాలేదు. సంచి ఒళ్లో పెట్టుకుని బయట అరుగు మీద కూర్చుంది. గల్లీ అంతా లోపల. అన్న మళ్లీ నమస్తేలు మొదలుపెట్టాడు. ఆ రోజు ఆయనకు గల్లీలో ఇంతమంది ఎందుకు తెలుసో అనిపించింది. అందరూ అయ్యాక గొంతు సవరించుకున్నాడు, అచ్చం చాయ్ ఆయన లాగా.

"లచ్చిమీ, తప్పయింది. మీరందరు ఒర్లంగనే నాకు సమజయింది. దొంగమొగోడు మాట్లాడితే మా అమ్మ చప్పట్లెందుకు కొడుతది? గంగామణి అత్త ఎందుకు ఒర్లుతది? నాకే తెలివి లేదు. తప్పయింది."

మేం సాక్ష్యం కోసం తంటాలు పడ్డదంతా వృథా, మా కేకే సాక్ష్యమైంది. అందరూ అరుగుకేసి చూశాం. వదిన తల తిప్పకుండానే "మళ్ల పెట్టు" అంది. వెనక్కి తిప్పి పెట్టాను. "ఇంకోపారి" అంది. మూడోసారి విన్నాక సంచి తీసుకుని లోపలికి వచ్చి, నేరుగా వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించింది.

ఆ టేపులో ఇంకా ఉంది. గల్లీ వెళ్లిపోయాక వదిన, నేను విన్నాం. కోపంతో ఆ మొదటి క్యాసెట్టు నూరుసార్లు పెట్టుకుని విన్నప్పుడు, అన్నతోపాటు ఆ గదిలో ఉన్న ఇంకో ఏడుగురు కూడా విన్నారట. జగిత్యాల వాళ్లు, సిరిసిల్ల వాళ్లు, అందరూ పెళ్లాం పిల్లల్ని వదిలిపెట్టి పోయినవాళ్లే. మొదట వాళ్లూ పళ్లు కొరికారు. తర్వాత తర్వాత, పనికి పోయి వచ్చి స్నానం చేశాక, "మల్లేశం, గా తలుపు క్యాసెట్ పెట్టు" అని అడగడం మొదలుపెట్టారట. "ఇంట్ల ఉన్నట్లుంటది. గందుకే చెప్తున్న, గా సీరియల్ వారం వారం పట్టి పంపుండ్రి. ఏం జరగకున్నా పంపుండ్రి." మా గల్లీ ఆడవాళ్లు, మొగుళ్లు ఎదురుగా ఉన్నవాళ్లు, ఇది ఒక సంసారమేనా అని తిట్టిన సీరియల్‌కు అభిమానులు దొరికింది సముద్రం అవతల, అదీ బొమ్మ చూడకుండా.

మూడు క్యాసెట్లు పంపామో లేదో, సీరియల్ ఆగిపోయింది. ముగింపు కూడా లేదు. ఒక వారం ఆ సమయానికి ఎరువుల గురించిన కార్యక్రమం వచ్చింది. ఎవరికీ నచ్చలేదని ఆపేశారని కార్ఖానాలో ఎవరో అన్నారు. గంగామణి ఆ రోజు ఎరువుల ఆయన్ను తిట్టిన తిట్లు వింటే, చాయ్ ఆయన ఆమెకు సొంత తమ్ముడేమో అనుకోవాలి. దుబాయి నుంచి మాత్రం అడుగుతూనే ఉన్నారు. అప్పుడు వదిన నన్ను పిలిచి, బటన్ నొక్కి పొమ్మంది. "తలుపు ఏసుకొని పో" అని కూడా అంది. ఆమెకు మొదటి నుంచీ తెలుసని అప్పుడు నాకు తెలిసింది. అంతకుమించి ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు.

ఆ క్యాసెట్టే ఇది, అన్న దుబాయి నుంచి వచ్చేస్తూ వెంట తెచ్చుకున్నది. ఇందులో స్టవ్ అంటుకున్న చప్పుడు ఉంటుంది. గిన్నెలో నీళ్లు మరుగుతాయి. గ్లాసులో పోసిన చప్పుడు. వదిన గొంతు: "చాయ్ అయింది." తర్వాత ఖాళీ, ఒక మనిషి రెండు గుక్కలు తాగేంత ఖాళీ. మళ్లీ వదిన: "చక్కెర సరిపోయిందా?" మళ్లీ ఖాళీ. అరగంటసేపు అంతే. కొన్నేళ్ల తర్వాత సెలవు మీద వచ్చినప్పుడు అన్నను అడిగాను, ఆ ఖాళీల్లో ఏం చేసేవాడివని. "ఏం చేస్తం? ఎనిమిది మందిమి ఒక్కపారే 'సరిపోయింది' అనెటోళ్లం" అన్నాడు. నవ్వుతూనే చెప్పాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఇప్పుడు అన్న శాశ్వతంగా వచ్చేసి పన్నెండేళ్లయింది. ఇల్లు కట్టాడు, నడుము పోగొట్టుకున్నాడు. గోడంత టీవీ ఉంది, అందులో రోజూ సాయంత్రం ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకోవడానికే మూడు ఉరుములు ఉరుముతాయి. చాటలు పట్టుకుని వచ్చేవాళ్లు లేరు, ఎవరి ఇంట్లో వాళ్లకు టీవీ ఉంది, ఎవరి చేతిలో వాళ్లకు ఫోను ఉంది. దుబాయిలో ఉన్నవాళ్లు రోజుకు నాలుగుసార్లు బొమ్మతో సహా కనిపించి, అన్నంలోకి ఏం కూర అని అడుగుతున్నారట. నా సంసారం సంగతి అడగకండి, నాకు దొరికినాయన మాట్లాడటం మొదలుపెడితే ఆపడు, ముప్పై ఏళ్లుగా ఖాళీ కోసం చూస్తున్నాను. అప్పుడు బాగుందా ఇప్పుడు బాగుందా అంటే, ఐదు నెలల కాపురాన్ని బాగుందని అనేంత వయసు ఇంకా మీద పడలేదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఆ క్యాసెట్లు విన్నంత శ్రద్ధగా ఎవరైనా ఎవరి మాటనైనా వినడం ఆ తర్వాత నేను చూడలేదు.

సామాను దింపడం అయ్యాక చేతులు కడుక్కుని కూర్చున్నాను. అన్న కుర్చీలో ఫోను చూసుకుంటున్నాడు. వదిన చాయ్ గ్లాసు తెచ్చి ఆయన పక్కన పెట్టి, వెనక్కి తిరిగి పొయ్యి దగ్గరికి పోయింది. అక్కడి నుంచే, ఇటు తిరగకుండా, "చక్కెర సరిపోయిందా?" అని అడిగింది. అన్న ఒక గుక్క తాగాడు. ఫోను మీది నుంచి కళ్లు తీయలేదు. తల ఊపాడు.

వదిన గరిటె పట్టుకుని అలాగే నిలబడింది, ఒక మనిషి జవాబు చెప్పేంతసేపు. తర్వాత నన్ను అడిగింది.

"ఊపిండా?"

"ఊపిండు వదినా."